కట్ట కాగకుండా ఒక చౌక పిచికారీ

అమెరికా ఈశాన్య రాష్ట్రాలైన న్యూయార్క్, పెన్సిల్వేనియా, వెర్మాంట్‌లలో స్థిరపడిన తెలుగువారిలో సేద్యపు నేపథ్యం ఉన్నవారికి అక్కడి పాడి రైతుల పనిలో మొదట వింతగా తోచేది, గడ్డిని ఎండబెట్టడమే ఒక గండంగా మారడం. ఎవరూ పట్టించుకోకపోయినా దాళ్వా వరిగడ్డి ఏప్రిల్, మే ఎండలకు పెళపెళలాడేలా ఎండిపోయే నేల నుంచి వెళ్ళినవారికి, కోసిన గడ్డి ఆరడం కోసం మబ్బుల వైపు చూస్తూ కూర్చోవలసి రావడం ఊహకు అందని సంగతి. అక్కడ తొలి కోత మే చివరలోనో జూన్‌లోనో పడుతుంది. ఆ రోజుల్లో మూడు నాలుగు రోజులు వరుసగా పొడిగా గడవడమే అదృష్టం, గడిచినా పగలు ఆరినదాన్ని రాత్రి మంచు కొంత మళ్ళీ తడుపుతుంది. పోనీ పూర్తిగా ఆరేదాకా ఆగుదామంటే ఆల్ఫాల్ఫా, అంటే తెలుగు రైతులు లూసర్న్ అని పిలిచే పప్పుజాతి పశుగ్రాసం, కాడ ఆరేలోపే ఆకు ఎండి, యంత్రం తాకిడికి పొడిపొడిగా రాలిపోతుంది. మాంసకృత్తుల్లో అధికభాగం ఉండేది ఆ ఆకులోనే కనుక చివరికి మిగిలేవి పుల్లలే. గడ్డిలో కొంత తేమ ఉండగానే కట్టలు కట్టి, ఆ తేమ వల్ల కలిగే చెరుపును మందుతో అదుపు చేసే పద్ధతి ఈ ఇరకాటంలో నుంచి పుట్టింది.

కట్టలు కట్టే ఆ యంత్రాన్ని బేలర్ అంటారు. పొలంలో వరుసలుగా పోగుచేసిన గడ్డిని ముందున్న పళ్ళతో పైకెత్తి, లోపలి గదిలోకి నెట్టి, అదిమి, పురికొసతో బిగించే ఈ యంత్రం, వరికోత యంత్రాలు వచ్చిన తరువాత ఆంధ్ర, తెలంగాణ పొలాల్లోనూ పరిచితమైంది. మందు లేకుండా కట్టే చిన్న దీర్ఘచతురస్రపు కట్టలలో తేమ 18 నుంచి 20 శాతానికి మించకూడదు. పెద్ద గుండ్రటి చుట్టలలోని వేడి బయటికి పోవడం ఇంకా కష్టం కనుక వాటికి హద్దు మరికాస్త తక్కువ. హద్దు దాటిన కట్టలో బూజు, సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టిస్తాయి. ఆ వేడి 55, 60 డిగ్రీల సెల్సియస్ దాటితే గడ్డిలోని చక్కెరలూ మాంసకృత్తులూ ఒకదానితో ఒకటి ముడిపడి గడ్డి గోధుమరంగుకు తిరుగుతుంది, మాడిన బెల్లం వాసన వేస్తుంది. పశువు దాన్ని ఇష్టంగానే తింటుంది గాని అందులోని మాంసకృత్తులు చాలావరకు అరగకుండానే పేడలో పోతాయి. వేడి 80 డిగ్రీలకు చేరితే ఇక మేత గురించి ఆలోచించే సమయం దాటిపోయినట్టే, కొట్టం అంటుకునే ప్రమాదం అప్పుడు నిజమవుతుంది. తడి వాము కుమిలి లోపలి నుంచి పొగలు కక్కడం చూసిన తెలుగు పల్లెవాసికి దీన్ని వేరుగా వివరించనక్కర లేదు.

కట్ట ఇలా కాగకుండా వాడే మందులో ప్రధాన ద్రవ్యం ప్రొపియోనిక్ ఆమ్లం. బూజును ఎదగనీయని ఈ ఆమ్లం పశువుకు కొత్తది కాదు. నెమరువేసే జంతువుల పెద్దపొట్టలో మేత పులిసేటప్పుడు తయారయ్యే ముఖ్య ఆమ్లాలలో ఇది ఒకటి, ఆవు తనకు కావలసిన గ్లూకోజులో పెద్దభాగాన్ని దీని నుంచే తయారుచేసుకుంటుంది. రొట్టెకు బూజు పట్టకుండా బేకరీలలో కలిపే కాల్షియం ప్రొపియోనేట్ కూడా దీని లవణమే. గుర్రాలు మాత్రం మందు పడని గడ్డి పక్కనే ఉంటే దానివైపే మొగ్గుతాయి, కాబట్టి గుర్రాలవారికి గడ్డి అమ్ముకునే రైతు తన బేరం సంగతి ముందే చూసుకోవడం మంచిది. శుద్ధమైన ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, ఇనుమును తింటుంది. అందుకే బఫర్ చేసిన సరుకును, అంటే అమ్మోనియా వంటి క్షారంతో కొంత తటస్థపరచి ఘాటు తగ్గించిన ద్రావణాన్ని ఎక్కువగా వాడతారు. గడ్డిలో తేమ 20 నుంచి 25 శాతం ఉంటే టన్నుకు సుమారు 5 కిలోల ఆమ్లం, 25 నుంచి 30 శాతం ఉంటే సుమారు 10 కిలోలు పడాలి. 30 శాతం దాటిన గడ్డికి ఈ వైద్యం పనికిరాదు. దాన్ని గాలి చొరకుండా చుట్టి పాతర గడ్డిగా మార్చుకోవడమే దారి.

తేమను కొలిచే సెన్సార్లు, దానిని బట్టి మందును తనంతట తానే పెంచి తగ్గించే నియంత్రణ పెట్టె ఉన్న పరికరాలు అక్కడి బజారులో వేల డాలర్లకు దొరుకుతాయి. కొద్దిపాటి పొలం ఉన్న రైతుకు ఆ ధర గిట్టదు గనుక, పచ్చికపై కలుపుమందు చల్లడానికి అమ్మే ప్లాస్టిక్ ట్యాంకును, ట్రాక్టర్ బ్యాటరీతో తిరిగే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపును, ఒక వడపోత జాలీని, పీడనాన్ని సరిదిద్దే వాల్వును, పీడనం చూపే గేజిని, రెండు నాజిళ్ళను జతచేసి సొంతంగా పిచికారీ అమర్చుకోవడం వాడుకలో ఉంది. ఇందులో చౌకతనం సామాన్లది మాత్రమే. ఖరీదైన పరికరం తానే చేసే లెక్కను ఇక్కడ రైతు చేయాలి.

ఆ లెక్క బేలర్ నుంచి మొదలవుతుంది. కట్ట ఒక్కొక్కటి 20 కిలోలు తూగుతూ పన్నెండు సెకన్లకు ఒకటి చొప్పున బయటపడుతుంటే, నిమిషానికి 100 కిలోల గడ్డి యంత్రం గుండా పోతున్నట్టు లెక్క. దానికి టన్నుకు 5 కిలోల మోతాదున, అంటే అర శాతం చొప్పున, నిమిషానికి అర కిలో ఆమ్లం. ఆమ్లం సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే కనుక అర లీటరు అనుకోవచ్చు, ఒక్కో నాజిల్‌కు 250 మిల్లీలీటర్లు. నాజిళ్ళ పరిమాణాన్ని రంగుతో గుర్తించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నారింజ రంగు నాజిల్ చదరపు అంగుళానికి 40 పౌండ్ల పీడనం దగ్గర నిమిషానికి సుమారు 380 మిల్లీలీటర్లు వదులుతుంది. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక, 250 మిల్లీలీటర్లు కావాలంటే పీడనాన్ని 17, 18 పౌండ్లకు దించాలి. తేమ పెరిగి మందు రెట్టింపు చేయవలసి వచ్చినప్పుడు చాలామంది చేయి వాల్వు మీదికే పోతుంది, గాని అందుకు పీడనం నాలుగింతలు, అంటే 70 పౌండ్లు కావాలి. చిన్న పంపులు చాలావరకు అంత ఇవ్వలేవు, ఇచ్చినా మందు సన్నని మంచుగా మారి గాలికి పోతుంది. నారింజ నాజిళ్ళు తీసి, రెట్టింపు పరిమాణం గల పసుపు నాజిళ్ళు బిగిస్తే అదే 17, 18 పౌండ్ల దగ్గర కావలసినంత మందు ముతక బొట్లుగా గడ్డిమీదే పడుతుంది. డ్రమ్ము మీది చీటీని చదవకపోతే ఈ లెక్కంతా వృథా, ఎందుకంటే సరుకులో ఆమ్లం సగమే ఉంటే ద్రావణం రెట్టింపు పోయాలి.

పంపు ఇచ్చే ప్రవాహం అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, మిగిలినదాన్ని ట్యాంకులోకి తిరిగి పంపే గొట్టం తప్పనిసరి; అది లేకపోతే పంపు క్షణక్షణం ఆగుతూ, మొదలవుతూ పీడనాన్ని నిలకడగా ఉండనీయదు. నాజిళ్ళను గడ్డిని ఎత్తే పళ్ళకు పైన, వరుస వెడల్పంతా తడిసేలా అమర్చాలి. కట్ట చెడేది సగటు తేమ వల్ల కాదు, ఎక్కడో చిక్కుకున్న పచ్చి ముద్ద వల్ల గనుక, కచ్చితత్వం కంటే మందు అంతటా పడటమే ముఖ్యం, చౌక పిచికారీ ఖరీదైనదానికి దగ్గరగా రాగలిగేది ఈ ఒక్క విషయంలోనే. ఇత్తడి, జింకుపూత సామాన్లను ఆమ్లం త్వరగా చెరుస్తుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు, పాలీప్రొపిలీన్ అమరికలే కొనాలి. పొలం గట్టు దగ్గర మలుపు తిరిగేటప్పుడు ఆపడానికి మీట డ్రైవరు చేతికి అందేచోట, ఆపిన తరువాత బొట్లు కారకుండా నాజిల్ వెనుక చెక్ వాల్వు, మీట దారిలో ఫ్యూజు ఉండాలి. సాయంత్రం గొట్టాలలో మంచినీళ్ళు పారించి, బేలర్‌ను కడగకపోతే మరుసటి ఏడాది రంగు లేచిన రేకు కనబడుతుంది. ఆమ్లం పోసేటప్పుడు కళ్ళజోడు, చేతి తొడుగులు మానరాదు.

లెక్క సరిపోయిందో లేదో పని మధ్యలో ట్యాంకే చెబుతుంది: వంద కట్టలు, అంటే రెండు టన్నులు కట్టేసరికి పది కిలోల ఆమ్లానికి సరిపడా మట్టం దిగి ఉండాలి. తేమ కొలిచే మీటరు మందు పడిన గడ్డిలో తప్పు చూపవచ్చు కాబట్టి పిచికారీ తెరవకముందే కొలుచుకోవాలి; నిల్వచేసిన తరువాత మొదటి కొన్ని వారాలు పొడుగాటి థర్మామీటరును కట్టల మధ్యకు దించి చూస్తుండాలి. ఆమ్లం నెలలు గడిచేకొద్దీ ఆవిరైపోతుంది, అందుకే మందు కొట్టిన గడ్డిని ఎక్కువకాలం నిల్వ ఉంచకుండా ముందుగా మేపడం మంచిది.

తెలుగునాట వరిగడ్డికి ఈ ఆమ్లం కొట్టడం గిట్టుబాటు కాదు, గడ్డి విలువకు మందు ఖర్చు మించిపోతుంది. ఆ గడ్డితో ఉన్న సమస్య తేమ కాదు, అరగకపోవడం. దానికి వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీటిలో కరిగించి చల్లి, మూడు వారాలు గాలి చొరకుండా కప్పి ఉంచే సుపోషక పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నవంబరు, డిసెంబరు తుపానుల్లో తడిసిన సార్వా గడ్డికి మాత్రం ఈ రెండూ సరిపడవు. అది మళ్ళీ ఎండను చూడవలసిందే.