కేసముద్రము స్టేషను – సిగ్నలు చేయి

రైలుబండి నడచునప్పుడు అందరి చూపులును ఇంజనుమీదనే యుండును. బండిని సకాలమున ఆపు సాధనమును గూర్చి తలచువారు అరుదు. అట్టి సాధనములలో పాతదియు, మాకు మిక్కిలి ప్రియమైనదియు చేయి సిగ్నలు. దానిని సెమఫోరు అందురు. ఆ వేడుకతోనే మేము ఇటీవల మహబూబాబాదు జిల్లాలోని కేసముద్రము స్టేషనును చూడబోయితిమి.

ఈ స్టేషను కాజీపేటనుండి విజయవాడకు పోవు మార్గమున నున్నది. నిజాము రాజ్యపు రైల్వేవారు వేసిన ఈ దారి 1889లో బెజవాడను చేరెను. నేడిచ్చట చేయి సిగ్నళ్లు లేవు. రంగుదీపముల స్తంభములున్నవి, పైన విద్యుత్తీగలు సాగుచున్నవి. మాతో వచ్చిన వృద్ధుడొకడు యౌవనమున వేరొక స్టేషను క్యాబినులో లీవర్లు లాగినవాడు. ఆయన ప్లాట్‌ఫారము చివర నిలిచి, తన చేతినే సిగ్నలుగా చాపి మాకు బోధించెను.

ఎత్తైన స్తంభముపై ఎర్రని చేయి యుండును. దాని కొనయొద్ద తెల్లని పట్టె యుండును. చేయి అడ్డముగా నున్నచో నిలువుమని యర్థము. క్రిందికి వాలినచో పొమ్మని యర్థము. రాత్రివేళ కిరసనాయిలు దీపము వెలుగుచుండగా, చేయితోపాటు కదలు ఎర్ర, ఆకుపచ్చ అద్దములలో నొకటి దాని కెదురుగా వచ్చును. క్యాబినులో లీవరు లాగగా, పట్టాల ప్రక్కన కప్పీలమీద సాగు తీగ ఆ చేయిని వాల్చును.

"ఆ తీగ తెగినచో?" అని మేము అడిగితిమి.

"తెగితే చెయ్యి దానంతట అదే అడ్డం నిలుస్తది సారూ. ఎదురు బరువు అందుకే పెట్టిన్రు" అని ఆయన నవ్వెను.

ఈ జాగ్రత్త ఊరక వచ్చినది కాదు. 1840వ దశకారంభమున ఇంగ్లండులో ఈ సాధనము రైల్వేలకు వచ్చెను. అచ్చటి కొన్ని దారులలో చేయి వాలియుండుటయే వాడుక. బండిని ఆపవలసినప్పుడు మాత్రమే దానిని అడ్డముగా నిలిపెడివారు. 1876 జనవరి 21న అబ్బట్స్ రిప్టన్ అనుచోట మంచు పేరుకొని చేతులు వాలియే యుండిపోయెను. బండ్లు ఢీకొని పదిమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట చేయి ఎల్లప్పుడును అడ్డముగా నుండుటయు, దారి సరియని తెలిసినప్పుడే వాల్చుటయు నియమమయ్యెను.

అయినను చేయికి కన్నులు లేవు. మనుష్యుడు ఎరిగినంతయే అది చెప్పగలదు. వరద దారిని కోసివేసినచో దాని కెట్లు తెలియును? 2005 అక్టోబరు 29న వలిగొండ చెంత చిన్న వంతెన వరదకు కొట్టుకొనిపోగా, డెల్టా ప్యాసింజరు అచ్చట పట్టాలు తప్పి, నూరుమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. 2024 సెప్టెంబరు 1న ఇదే కేసముద్రమునకును ఇంటికన్నెకును నడుమ, పట్టాల క్రింది కంకరయు మన్నును వరదకు కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. నాడు బండ్లను స్టేషన్లలోనే నిలిపివేసిరి. ప్రయాణికులు ఎంతయో శ్రమపడిరి. కాని ఏ బండియు ఆ గండిలో పడలేదు.

ఆ గండి పూడ్చబడిన దారిమీదుగా మా కన్నుల యెదుటనే గూడ్సుబండి యొకటి సాగిపోయెను. దానిని చూచుచు మేము వృద్ధుని మాటనే తలపోసితిమి. సందేహము కలిగినచోట మొదట నిలువవలెను. దారి కలదని తెలిసిన పిమ్మటనే కదలవలెను. చేయి సిగ్నలు పోయినను ఈ నియమము పోలేదు. రంగుదీపము ఆరిపోయినచో డ్రైవరు దానిని ఎర్రదీపముగానే యెంచి బండిని ఆపును.

విద్యార్థులారా! వానకాలమున మీ బండి ఏ చిన్న స్టేషనులోనో గంటలకొలది నిలిచిపోయినచో విసుగుకొనకుడు. ఆ వేళ చీకటిలో, వానలో, చేత దీపము పట్టుకొని పట్టాల వెంబడి నడచుచు దారిని పరీక్షించు పనివాడొకడు ముందుండును. ఆతడు తిరిగివచ్చి చెప్పువరకు వేచియుండుటలో మన ప్రాణములే యున్నవి.