ఎర్రటి బుడిపె

విత్తిన నెలన్నరకు వేరుశనగ మొక్కనొకదాన్ని వేళ్లు తెగకుండా పెళ్లగించి, మన్ను దులిపి చూడండి. వేళ్ల నిండా ఆవగింజలంత, జొన్నగింజలంత బుడిపెలు. కొత్తగా చూసేవాళ్లు తెగులేమో అనుకుంటారు. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల ఎర్రగా, అచ్చం నెత్తురులా ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ ఎరుపు దగ్గర నా చెయ్యి కాసేపు ఆగిపోతుంది.

అది లెగ్‌హిమోగ్లోబిన్. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. మొక్కకు దానితో ఏం పని? బుడిపెలో రైజోబియం కోవకు చెందిన బాక్టీరియా కాపురం ఉంటోంది. పక్కవేరు పుట్టేచోట పడిన సన్నని పగులులోంచి లోపలికి వచ్చింది. దాని దగ్గర నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీలో ఇదే పనికి 400 డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. చేనిలో మట్టి వెచ్చదనమే చాలు.

చిక్కల్లా ఒక్కటే. ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ చెడిపోతుంది, ఆక్సిజన్ లేకపోతే బాక్టీరియాకు ఊపిరాడదు. ఆ ఎరుపు ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొలిచినట్టు కొద్దికొద్దిగా అందిస్తుంది. అమ్మోనియా రాగానే మొక్క తన గ్లుటమిన్ సింథటేజ్ ఎంజైమ్‌ను పెంచుకుని, దాన్ని మాంసకృత్తులకు ముడిసరుకుగా మలుచుకుంటుంది. వచ్చిన చుట్టం కోసం వేరు తన వంటింటినే మార్చుకుంటుందన్నమాట.

ఇదేమీ ఊరికే జరగదు. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కణాలకు ఇంధనంలాంటి ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి. ఆ ఖర్చు ఆకులు వండిన చక్కెరతోనే గడుస్తుంది. అందుకే మనం యూరియా ఎక్కువగా చల్లితే మొక్క ఈ ఖర్చు మానుకుంటుంది. కొత్త బుడిపెలు తగ్గుతాయి, ఉన్నవాటిలో ఎరుపు పోయి పచ్చబడుతుంది. మన తొందరపాటు సాయం ఎంత పాత స్నేహాన్ని చెరుపుతుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

ఆ స్నేహానికి ఊతంగా, ఈ బాక్టీరియా ఉండే రైజోబియం కల్చర్‌ను చల్లారిన బెల్లం నీళ్లలో కలిపి, విత్తనాలకు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తడం పెద్ద ఖర్చేం కాదు. మందుపొడి పట్టించాల్సి ఉంటే అది ముందు, కల్చర్ చివర. రైతన్నా, యూరియా బస్తా విప్పేముందు ఒక్క మొక్క పీకి, ఒక్క బుడిపె చీల్చి చూడు. ఎర్రగా ఉంటే ఆ బస్తా విప్పకు.