4108 నొక్కితే ఎక్కడ మోగాలి?

మా ల్యాబులో మనుషులు రెండు రకాలు. నల్ల తెర మీద టైపు చేస్తే తప్ప పని చేసినట్టు అనిపించని వాళ్ళు ఒక రకం. బ్రౌజర్లో బటన్ కనిపిస్తే తప్ప చెయ్యి పెట్టని వాళ్ళు ఇంకో రకం. మొదటి రకం వాళ్ళు రెండో రకాన్ని చూసి నవ్వుతారు. రెండో రకం వాళ్ళు పని ముగించుకుని క్యాంటీన్‌కి వెళ్ళిపోతారు. కోడ్ ఎడిటర్ గురించో, లినక్స్ గురించో అయితే ఈ గొడవ సరదాగానే ఉంటుంది, ఎవరి లాప్‌టాప్ వాళ్ళది కాబట్టి. ఫోన్ల సంగతి అలా కాదు. మనం రాసిన దాన్ని బట్టి ఇంకొకళ్ళ కాల్ వెళ్తుంది. వాళ్ళకి మనం ఎవరో కూడా తెలీదు.

మా హాస్టళ్ళలో ప్రతి అంతస్తు వరండాలో ఒక ఫోను ఉంది. చేతిలో సెల్ ఉండగా ఇదెందుకు అని ఏటా ఫస్టియర్ పిల్లలు అడుగుతారు. కొండ వైపు బ్లాకులో రాత్రిపూట సిగ్నల్ ఎన్ని గీతలు చూపిస్తుందో చూసుకున్నాక మళ్ళీ అడగరు. ఈ ఫోన్లన్నిటినీ నడిపేది కంప్యూటర్ సెంటర్లో ఓ మూల కూర్చున్న పాత డెస్క్‌టాప్. అందులో ఆస్టరిస్క్ ఉంది. దాని మీద ఫ్రీపీబీఎక్స్ ఉంది. నేను సెకండియర్ నుంచి దాని మంచీ చెడూ చూసే బృందంలో ఉన్నాను.

ఆస్టరిస్క్ పుట్టుక మనలాంటి వాళ్ళకి నచ్చే కథ. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు లినక్స్ వాడేవాళ్ళకి సాయం చేసే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. వచ్చే కాల్స్‌ని పంచడానికి ఆఫీసు ఎక్స్ఛేంజీ ఒకటి కావాలి. కొనేంత డబ్బు లేదు. తనే కూర్చుని రాసుకున్నాడు, రాసింది అందరికీ ఇచ్చేశాడు. యూనిక్స్‌లో నక్షత్రం గుర్తుకి 'ఏదైనా సరే' అని అర్థం. ఆ గుర్తు పేరే దీనికి పెట్టాడు. అప్పటిదాకా ఎక్స్ఛేంజీ అంటే కంపెనీవాడు తాళం వేసి ఇచ్చే పెట్టె. ఒక ఎక్స్‌టెన్షన్ మార్చాలన్నా వాళ్ళ మనిషి రావాలి. ఇక్కడ ఆ పెట్టె కాస్తా ఒక ఫోల్డర్ అయింది. లోపల కొన్ని మామూలు టెక్స్ట్ ఫైళ్ళు, అంతే.

ఆ ఫైళ్ళలో అసలైనది ఎక్స్‌టెన్షన్స్ డాట్ కాన్ఫ్. దాన్ని డయల్‌ప్లాన్ అంటారు. ఏ నంబరు నొక్కితే ఏం జరగాలో మెట్టు మెట్టుగా రాసి ఉంటుంది. మా డిస్పెన్సరీ నంబరు 4108. దాని గురించి రాయాల్సింది తెలుగులో చెప్తే ఇంతే. మొదటి మెట్టు: టైము రాత్రి 10కీ పొద్దున్న 6కీ మధ్య ఉంటే నేరుగా నాలుగో మెట్టుకి వెళ్ళు. రెండు: డిస్పెన్సరీ ఫోను 20 సెకన్లు మోగించు. మూడు: ఎత్తి మాట్లాడి ఉంటే ఇక్కడితో ఆపు. నాలుగు: మెయిన్ గేటు ఫోను మోగించు. నాలుగు మెట్లకి నాలుగు లైన్లు. పై నుంచి కిందికి చదువుకుంటూ పోతే రాత్రి ఏం జరుగుతుందో, పగలు ఏం జరుగుతుందో కళ్ళ ముందు కనిపిస్తుంది. మార్చాక డయల్‌ప్లాన్ రీలోడ్ అని ఒక్క కమాండ్ ఇస్తే చాలు, నడుస్తున్న కాల్ కూడా తెగదు.

అయితే కిటుకులు లేకపోలేదు. ఎక్స్ అంటే 0 నుంచి 9 దాకా ఏ అంకె అయినా, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. కానీ ముందు అండర్‌స్కోర్ పెట్టకపోతే అవి ఉత్త అక్షరాలే, ఏ కాలూ అటు పోదు, ఎర్రర్ కూడా రాదు. ఇంకో సంగతి. ఒకే విభాగంలో రెండు నమూనాలు ఒకే నంబరుకి సరిపోతే, మనం ముందు రాసిందానికి కాదు, ఎక్కువ కచ్చితంగా ఉన్నదానికే కాల్ పోతుంది. సి ప్రోగ్రాం చదివినట్టు దీన్ని చదివేవాడికి బుర్ర తిరుగుతుంది. నల్ల తెర వాళ్ళ గర్వం ఎక్కడిదంటే ఇక్కడిదే. ఈ చిక్కులన్నీ దాటి వచ్చారు కాబట్టి కాస్త గర్వపడనిద్దాం.

ఫ్రీపీబీఎక్స్ వచ్చింది ఈ చిక్కులు కనబడకుండా చేయడానికి. మొదట్లో దాని పేరు ఆస్టరిస్క్ మేనేజ్‌మెంట్ పోర్టల్. ఇప్పుడు ఆస్టరిస్క్, ఫ్రీపీబీఎక్స్ రెండూ సాంగోమా అనే కెనడా కంపెనీ చేతిలో ఉన్నాయి, రెండిటి కోడూ ఇంకా తెరిచే ఉంది. బ్రౌజర్ తెరిచి, కొత్త ఎక్స్‌టెన్షన్ అని నొక్కి, పేరూ నంబరూ నింపితే పని అయిపోతుంది. మనం నింపింది ముందు డేటాబేస్‌లోకి వెళ్తుంది. పైన ఎర్రగా అప్లై కాన్ఫిగ్ అనే బటన్ వెలుగుతుంది. అది నొక్కగానే డేటాబేస్‌లో ఉన్నదంతా తీసి, ఆ టెక్స్ట్ ఫైళ్ళని మళ్ళీ మొదటి నుంచి రాస్తుంది. ఆ చివరి మాట గుర్తు పెట్టుకోండి. ఉన్నదాన్ని దిద్దదు. మొత్తం కొత్తగా రాస్తుంది. అందుకే అలాంటి ప్రతి ఫైలు నెత్తిన, దీన్ని చేత్తో మార్చొద్దు అని రాసి ఉంటుంది.

మా దగ్గర జరిగింది సరిగ్గా అదే చోట. ఎప్పుడో, నేను చేరకముందే, పాసై వెళ్ళిపోయిన సీనియర్లెవరో 4108 రాత్రి నియమాన్ని చేత్తో రాశారు. బాగానే రాశారు. కాకపోతే ఫ్రీపీబీఎక్స్ తిరగరాసే ఫైల్లో రాశారు. ఆ తర్వాత మూడు సెమిస్టర్లు ఎవరూ ఏ మార్పూ చేయలేదు కాబట్టి అది పనిచేస్తూనే ఉంది. తర్వాత లైబ్రరీకి కొత్త ఫోను వచ్చింది. ఆఫీసు మేడమ్ నంబరు చేర్చి, తనకి నేర్పినట్టే ఎర్ర బటన్ నొక్కారు. లైబ్రరీ ఫోను మోగింది. అందరూ సంతోషించారు.

పది రోజుల తర్వాత ఒక రాత్రి ఒంటిగంటకి మా పై అంతస్తులో ఒకడికి విపరీతమైన కడుపునొప్పి. రూమ్మేట్ వరండాలోకి పరిగెత్తి 4108 నొక్కాడు. తాళం వేసిన డిస్పెన్సరీలో ఫోను మోగుతూనే ఉంది. రెండుసార్లు, మూడుసార్లు. ఇక లాభం లేదని ఇద్దరు వాణ్ణి చెరోవైపు పట్టుకుని గేటు దాకా నడిపించారు. గేటు దగ్గర వాచ్‌మన్ అన్న లేచే ఉన్నాడు, అంబులెన్స్ డ్రైవర్ నంబరు ఆయన గోడ మీదే ఉంది. ఫోను ముందే అక్కడ మోగి ఉంటే బండే హాస్టల్ దగ్గరికి వచ్చేది. కుర్రాడికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది, నాలుగో రోజుకి జోకులేస్తూ కూర్చున్నాడు. కానీ ఆ నడక ఎంత దూరమో, నడిపించిన ఇద్దరూ ఇప్పటికీ చెప్తారు.

మర్నాడు ఫైలు తెరిచి చూస్తే రాత్రి నియమం ఆనవాలు కూడా లేదు. అసలు అలాంటిది ఒకటి ఉండేదని మాకు తెలిసింది ల్యాబు బీరువాలోని పాత ప్రాజెక్టు రిపోర్టు వల్ల. చివరి పేజీల్లో ఆ లైన్ల ప్రింటు ఉంది. ఆస్టరిస్క్ ఫైళ్ళలో సెమీకోలన్ తర్వాత రాసింది మెషీన్ చదవదు, మనుషుల కోసం మాత్రమే. ఆ సీనియర్ సెమీకోలన్ పెట్టి, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాశాడు: "రాత్రి డిస్పెన్సరీకి తాళం. గేటుకి పంపండి, అక్కడ మనిషి ఉంటాడు."

నాకు ఆ లైను చూశాకే ఈ గొడవలో అసలు విషయం అర్థమైంది. నియమం నాలుగు లైన్లలో ఉంది. అది ఎందుకుందో చెప్పేది ఈ ఒక్క లైను. బ్రౌజర్ పేజీలో సమయం నింపడానికి పెట్టె ఉంటుంది, గమ్యం ఎంచుకోవడానికి జాబితా ఉంటుంది, పేరు పెట్టడానికి చిన్న చోటు ఉంటుంది. ఎందుకు అని రాసుకోవడానికి చాలా పేజీల్లో చోటు ఉండదు. టెక్స్ట్ ఫైల్లో ఎంత కావాలంటే అంత ఉంటుంది. పైగా గిట్‌లో పెడితే ఎవరు, ఏ రోజు, ఏ లైను తీసేశారో కూడా తెలుస్తుంది.

అందుకే మా బృందంలో ఒకడు ఆవేశపడ్డాడు. "ఆ బటన్ల గోలంతా పీకేద్దాం రా. మన నంబర్లన్నిటికీ కలిపి రెండొందల లైన్లు చాలు. నేను రాస్తా." వాడు రాయగలడు కూడా. వాడి దగ్గర ఇంకో వాదన ఉంది. వెబ్ పేజీ ఉందంటే దొంగకి ఇంకో తలుపు ఉన్నట్టే. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్ అడ్మిన్ పేజీలో బయటపడ్డ లోపంతో, ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన సర్వర్ల మీద నిజంగానే దాడులు జరిగాయి. మాది క్యాంపస్ లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంటుంది కాబట్టి సరిపోయింది.

ఈ ప్రతిపాదన పట్టుకుని ఆఫీసు మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు: "బాగానే ఉంది బాబూ, మీరందరూ మేలో వెళ్ళిపోతారు. జూన్‌లో కొత్త వార్డెన్ వస్తే ఆయన నంబరు నేనెవరితో పెట్టించుకోవాలి?"

మా వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆవిడకి లినక్స్ నేర్పుదాం అన్నది జవాబు కాదు. ఆవిడకి ఫీజు రసీదులు, బోనఫైడ్లు, స్కాలర్‌షిప్ ఫారాలు ఉన్నాయి. పైగా ఆవిడ చేసినదాంట్లో తప్పేం లేదు. ఆ పేజీ చెయ్యమన్నట్టే చేశారు. ఫైలు నెత్తిన ఉన్న హెచ్చరిక చదివే అవకాశం బ్రౌజర్లో పనిచేసే మనిషికి లేదు.

బటన్ల వైపు ఇంకో న్యాయం కూడా ఉంది. ఆస్టరిస్క్‌లో ఫోన్లని కలిపే పాత భాగం చాన్ సిప్. దాని బదులు పీజేసిప్ వచ్చింది, 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21 నుంచి పాతదాన్ని తీసేశారు. పాత పద్ధతిలో ఒక ఫోనుకి ఒక ముక్క రాస్తే సరిపోయేది. కొత్తదాంట్లో ఫోను లక్షణాలకి ఒకటి, పాస్‌వర్డుకి ఒకటి, అది ఎక్కడుందో చెప్పడానికి ఒకటి, మామూలుగా మూడు ముక్కలు. చేత్తో రాసుకున్న వాళ్ళు అన్నీ కూర్చుని మార్చుకోవాల్సిందే. డేటాబేస్ నుంచి ఫైళ్ళు పుట్టించే చోట ఆ చాకిరీ చాలావరకు సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది. మా అందరికంటే ఎక్కువ ఏళ్ళు ఈ కాలేజీలో ఉండేది ఆ సాఫ్ట్‌వేరూ, మేడమూ.

చివరికి మేం తేల్చుకున్నది టెక్స్టా, బటన్లా అని కాదు. ఏ నియమానికి ఎవరు యజమాని అని. ఒకే నియమాన్ని ఒకళ్ళు ఫైల్లోనూ ఇంకొకళ్ళు పేజీలోనూ రాస్తే, ఎర్ర బటన్ ఎవరి పక్షమో మాకు తెలిసిపోయింది. కాబట్టి 4108ని పేజీలోకి తెచ్చాం. డిస్పెన్సరీ గదిలోని ఫోనుకి 4109 ఇచ్చాం. 4108 ఇప్పుడు ఏ ఫోనుదీ కాదు, టైము చూసి దారి చెప్పే నంబరు మాత్రమే. పగలైతే 4109, 20 సెకన్లలో ఎత్తకపోతే గేటు. రాత్రైతే నేరుగా గేటు. ఆ టైము నియమానికి "రాత్రి తాళం, గేటుకి" అని అర్థమయ్యేలా పేరు పెట్టాం. డిస్పెన్సరీ వేళలు మారితే మేడమ్ తనే మార్చుకోగలరు.

పేజీలో కుదరని రెండు మూడు పనులు మాత్రం ఎక్స్‌టెన్షన్స్ కస్టమ్ డాట్ కాన్ఫ్‌లో ఉన్నాయి. ఆ ఫైలు మన కోసమే వదిలిపెట్టింది, ఎర్ర బటన్ దాన్ని ముట్టుకోదు. అందులో ప్రతి ముక్క పైనా సెమీకోలన్ పెట్టి ఎందుకో రాశాం. దాన్ని గిట్‌లో పెట్టాం. పేజీలో చోటులేని 'ఎందుకు'లన్నీ ఒక కాగితం మీద తెలుగులో ప్రింటు తీసి, ఆ డెస్క్‌టాప్ పక్కన గోడకి అంటించాం. మా ఆవేశపు మిత్రుడికి ఆ కాగితం నచ్చలేదు. అయినా అందులో మూడొంతులు వాడే రాశాడు.

ఇంకొక్కటి ఉంది, అది ఫైల్లోనూ ఉండదు, పేజీలోనూ ఉండదు. ప్రతి నెలా మొదటి సోమవారం రాత్రి పదిన్నరకి ఎవరో ఒకరు కొండ వైపు బ్లాకు వరండా నుంచి 4108 నొక్కి, గేటులో అన్న ఎత్తేదాకా ఆగాలి. ఎత్తగానే "టెస్టింగ్ అన్నా" అంటే ఆయన విసుక్కోడు, అలవాటైపోయింది. మార్పు ఎవరు చేసినా, ఎలా చేసినా, కాల్ ఎక్కడికి పోతోందో తెలిసేది అప్పుడే. ఈ మే తర్వాత మేం ఉండం. జూన్ నుంచి ఆ సోమవారాలకి నలుగురు జూనియర్లు కావాలి. లినక్స్ రాకపోయినా ఫర్వాలేదు. కంప్యూటర్ సెంటర్లో ఆ కాగితం కిందే పేర్లు రాయడానికి చోటు వదిలాం.