నడిముక్కలు ఎవరివి?

తిరుపతి హోటళ్లలో చేప తలకాయ పులుసు రేటు చూస్తే నవ్వొస్తుంది. మా అవ్వకు అది కూలి కింద వచ్చిన ముక్క.

మా చిత్తూరు వైపు చెరువులు ఏడాదంతా నిండుగా ఉండవు. ఈశాన్య వానలకు నిండితే చేపపిల్లలు వదులుతారు, ఎండలకు అడుగంటేలోపు పట్టేస్తారు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగు బురదలో. (మోసు మాట వస్తే మా వాడే గుర్తొస్తుంది, ఏం చేయను.) ఇవి పారే ఏళ్లలో తప్ప నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి ఒరిస్సాలో ఇంజక్షన్‌తో గుడ్లు పెట్టించాకే ఈ సాగుకు కావలసినంత పిల్ల దొరికింది.

పిల్ల దొరికితే సరా, చెరువు దొరకాలి కదా. వేలంలో పోతుంది, లేదంటే మత్స్యకారుల సొసైటీకి. బెస్తోళ్లతో నాకు పేచీ లేదు, అది వాళ్ల వృత్తి. వాళ్ల పేరున డబ్బు కట్టి చేపలు తోలుకుపోయే ఆసామితోనే పేచీ. మా ఊళ్లో పూడిక ఎత్తింది, రాత్రి కాపలా కాసింది మా వాళ్లు. వల లాగిన రోజు మాకు తలలు, తోకలు, గుడ్లు. నడిముక్కలు టౌనుకు.

అవ్వ వాటిలో ఏదీ పారేసేది కాదు. బొచ్చె తల పెద్దది. మొప్పలు పీకి చింతపులుసులో సన్నమంట మీద ఉడికిస్తే కొవ్వంతా పులుసులోకి దిగుతుంది, సంగటిలోకి అంతకు మించింది లేదు. గుడ్లు ఉప్పూకారం పట్టించి పెనం మీద. మొప్పలు, పొలుసులు సొరపాదు మొదట్లోకి. కాలేయాన్ని అంటుకున్న పచ్చ సంచిని మాత్రం పగలకుండా తీసి దూరంగా పారేసేది. అది నిజంగానే విషం. మందనుకుని శీలావతి పిత్తం పచ్చిగా మింగి కిడ్నీలు చెడిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇప్పుడు దీన్నే సెమినార్లలో ‘జీరో వేస్ట్’ అంటున్నారు. పొలుసుల్లోంచి కొల్లాజెన్ తీస్తున్నారు, తీయనీ. మహద్‌లో 1927లో అంబేద్కర్ చెరువులో దోసిలి పట్టింది తాగే హక్కు కోసం. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గరే. భూమి అడిగినంత గట్టిగా మనం చేపల్లో వాటా ఎప్పుడైనా అడిగామా?

మీ ఊరి చెరువు లీజు ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరు కట్టారు, గడువు ఎన్నాళ్లు? ఆర్టీఐ వేయండి. మా ఊరిది నేను వేశాను. 30 రోజులు దాటాయి, జవాబు లేదు. అప్పీలు రాస్తున్నాను. కాగితం వచ్చాక ఇక్కడే పెడతాను.