నగా, పనిముట్టా?

ఈ రోజుల్లో చేతికి వాచీ ఎందుకండీ అంటే జవాబు చెప్పడం కష్టమే. టైము కావాలంటే సెల్‌ఫోను ఉంది, గోడ మీద గడియారం ఉంది, అవేవీ లేకపోతే కుక్కరు ఈలలున్నాయి. అయినా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళం ఒకరి ముంజెయ్యి ఒకరం చూసుకోవడం మాత్రం మానలేదు. గాజుల మధ్య మెరిసే వాచీ ఏ కంపెనీదో ఆమడ దూరం నుంచే పసిగట్టే దివ్యదృష్టి మనలో చాలామందికి ఉంది. "రాడోనా వదినా?" అని ఒకావిడ అడగడం, ఆ వదినగారు "ఆఁ, ఏదో పాతదిలే" అంటూనే చెయ్యి ఇంకాస్త ముందుకు చాపడం, మా నరసరావుపేట పెళ్ళిళ్ళలో తాళి కట్టినంత తప్పనిసరి తంతు.

పెళ్ళిళ్ళకి కట్టుకునే వాచీ సంగతి అలా ఉంచండి. ఖరీదైన వాచీనే రోజూ కట్టుకోదలిస్తే, పాతకాలందా, కొత్తగా వచ్చిందా, ఏది మేలు? ఈ చర్చ మొన్న మా ఇంట్లో వారం రోజులపాటు నడిచింది.

కారకులు మా వారు. పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయని ఎన్నడూ లేనిది ఆయనకి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నా పేరు చెప్పి ఆయన కొన్నవన్నీ ఇంటికి పనికొచ్చేవే: మిక్సీ, గ్రైండరు, ఓసారి ఇన్వర్టరు కూడా. ఈసారి మాత్రం, "నీ ఒక్కదానికే పనికొచ్చేది కొంటానోయ్! విజయవాడలో కొత్త రాడో చూసొచ్చాను" అన్నారు.

"రాడో అమ్మ బీరువాలో ఉందిగా" అన్నాను.

"అది నలభై ఏళ్ళ నాటి సరుకు."

"నేను మాత్రం?" అన్నాను.

ఆయన నవ్వేసి ఊరుకున్నారు గానీ, ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

రాడో అంటే మనవాళ్ళకి వాచీ పేరు కాదు, హోదా పేరు. స్విట్జర్లాండులో లెంగ్నౌ అనే ఊళ్ళో 1917లో గడియారాల లోపలి యంత్రాలు చేసే కార్ఖానాగా మొదలైన సంస్థ అది. రాడో పేరుతో వాచీలు తెచ్చింది 1957లో. గీతలు పడని వాచీ అంటూ డయాస్టార్‌ను 1962లో విడుదల చేసింది. ఉక్కుని కోసే పనిముట్లకి వాడే టంగ్‌స్టన్ కార్బైడ్‌తో కోడిగుడ్డు ఆకారంలో పై చట్రం, దాని మీద కృత్రిమ నీలమణి గాజు. ఆ ఆకారం చూస్తే చాలు, పేరు చదవక్కర్లేదు.

ఆ రోజుల్లో మన దేశంలోకి విదేశీ వాచీ దిగుమతి మీద గట్టి ఆంక్షలుండేవి. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో 1961లో మొదలైన హెచ్.ఎం.టి. వాచీలే దేశానికంతటికీ టైము చెప్పేవి. స్విస్ వాచీ కావాలంటే ఓడ ఉద్యోగం చేసే బంధువన్నా ఉండాలి, మద్రాసు బర్మా బజారులో బేరమాడే ధైర్యమన్నా ఉండాలి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ కింద మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. మా పల్నాట కట్నాల జాబితాలో సైకిలు, రేడియోల పక్కన వాచీ కూడా వచ్చి కూర్చుంది. అది అల్లుడి వాచీ. కోడలి వాచీ అన్న మాట మాత్రం నేనెక్కడా వినలేదు.

మా అమ్మకి రాడో వచ్చింది కట్నంగా కాదు. మాచర్లలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు ఆవిడ. ఓడలో ఉద్యోగం చేసే మా మేనమామ 1983లో సింగపూరు నుంచి వస్తూ చెల్లెలికి ఆడవాళ్ళ డయాస్టార్ తెచ్చాడు. డయలు మీద పన్నెండు దగ్గర చిన్న లంగరు గుర్తు ఉంటుంది. అది అతికించిన బొమ్మ కాదు, చెయ్యి ఎటు వంచితే అటు తిరుగుతుంది. అమ్మ పేపర్లు దిద్దుకుంటుంటే నేను ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ వంచేదాన్ని. "ఉండవే, మార్కులు తప్పు పడతాయి" అనేదే గానీ, చెయ్యి లాక్కునేది కాదు.

ఇక పోలికలోకి వద్దాం. పాత వాచీకి మొదటి సుగుణం పరిమాణం. ఆడవాళ్ళ డయాస్టార్ పాత రూపాయి బిళ్ళంత ఉంటుంది, గాజుల మధ్య ఇమిడిపోతుంది. నలభై ఏళ్ళయినా అమ్మ వాచీ చట్రం మీద గీత లేదు. లోపల యంత్రమే గనక, విప్పి బిగించగల చేతులు చిన్న ఊళ్ళలో కూడా ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. పైన గీత పడకపోయినా లోపల నూనె ఎండిపోతుంది. వెనక మూతకి నీళ్ళు చొరకుండా ఉండే రబ్బరు రింగు కాలక్రమాన గట్టిపడి ఎండిపోతుంది. రెంటచింతల ఎండలెరిగిన వాళ్ళకి మా వైపు చెమట గురించి చెప్పనక్కర్లేదు. దానికి తోడు మిరపకాయల కోరు, పిడుగురాళ్ళ వైపు వెళ్తే సున్నం దుమ్ము. రింగు మార్పించకుండా పాత వాచీని మే నెలలో కట్టుకోవడమంటే చిల్లుపడ్డ గొడుగేసుకుని వానలో నడవడమే. కొత్తగా పాత వాచీ కొనుక్కునే వాళ్ళకైతే ఇంకో భయం: పైన రాడో, లోపల ఇంకేదో, లేదా వెలిసిన డయలుకి మళ్ళీ రంగు పూసినది. వెనక మూత మన కళ్ళముందు తీయించి చూడకుండా డబ్బు చేతిలో పెట్టకూడదు.

కొత్తది ఎలా ఉందో చూద్దామని మా వారితో విజయవాడ వెళ్ళాను. డయాస్టార్‌కి అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 2022లో దాన్ని కొత్తగా మలిచారు. పై చట్రం ఇప్పుడు సెరామోస్ అనే పదార్థంతో చేస్తున్నారు. పింగాణీ గట్టిదనం, లోహం మెరుపు కలిసినది. వెడల్పు 38 మిల్లీమీటర్లు. ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే 80 గంటలు నడుస్తుంది. పాతవి తీసి పక్కన పెడితే ఒకటిన్నర రోజుకే ఆగిపోతాయి.

ఈ ఎనభై గంటల సంగతి మామూలుగా ఎవరూ పట్టించుకోరు గానీ, నాకు చాలా ముఖ్యం. ఆటోమేటిక్ వాచీ చెయ్యి కదలికతోనే కీ ఇచ్చుకుంటుంది. నేనేమో కుర్చీలో కూర్చుని కుడిచేత్తో రాసుకునే మనిషిని. ఎడమచెయ్యి కాగితాన్ని కదలకుండా పట్టుకోవడం తప్ప వేరే పని చెయ్యదు. నవల మంచి పట్టు మీదున్న రోజుల్లో పాత వాచీ నా చేతికి ఉండి కూడా ఆగిపోగలదు. వంటింట్లో ఉన్న రోజున మాత్రం పరుగెడుతుంది. ఏ పని పనో వాచీకి కూడా తెలుసన్నమాట!

ఇంకో ముఖ్య విషయం చత్వారం. నలభై దాటాక పాత వాచీలో టైము చూడాలంటే ముందు కళ్ళజోడు వెతకాలి. అది దొరికేసరికి టైము మారిపోతుంది. కొత్తది చెయ్యి చాపి చూస్తే చాలు, ముళ్ళు రెండూ స్పష్టంగా కనబడతాయి.

అలాగని కొత్తదానికి వంక లేకపోలేదు. నా మణికట్టు మీద అది గాజులతో ఇరుగుపొరుగు తగవు పెట్టుకుంది. ధర లక్ష దాటింది. స్విట్జర్లాండు ఉన్న కూటమితో మన ప్రభుత్వం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది గనక, సుంకం క్రమంగా తగ్గుతుందట. ఆగగలిగిన వాళ్ళు ఆగొచ్చు. ఇంకోటి, పాతదైనా కొత్తదైనా ఈ గట్టి పదార్థాలకి గీత పడదు గానీ, గ్రానైటు నేల మీద జారిపడితే పెచ్చు ఊడొచ్చు, పగలొచ్చు కూడా. మొండిమనుషులంతే, చిన్న చిన్న మాటలకి చలించరు, ఒక్క పెద్ద దెబ్బకి రెండవుతారు.

లెక్కలన్నీ వేశాక కూడా మనసు అమ్మ వాచీ దగ్గరే ఆగింది. అది ఎందుకు బీరువాలోకి వెళ్ళిందో తెలిసిన దాన్ని గనక.

1998లో నాన్న పోయారు. పదకొండో రోజున గాజులు తీసిన చేతి నుంచే వాచీ కూడా తీశారు. "అదీ అలంకారమేగా" అంది బంధువుల్లో ఒక పెద్దావిడ. అది నగ కాదు, టీచరుకి పనిముట్టు అని అక్కడున్న పాతిక మందిలో ఒక్కరూ అనలేదు. అమ్మా అనలేదు. సెలవైపోయి బడికి వెళ్ళాక, పరీక్షల్లో కాపలా ఉన్న రోజున, టైమెంతయిందో పక్క గదిలో మాస్టారిని అడగాల్సొచ్చిందట. ఆ నెల జీతం రాగానే వెళ్ళి హెచ్.ఎం.టి. సుజాత కొనుక్కుంది, నల్ల తోలు పట్టీది. దాన్ని ఎవరూ అలంకారం అనలేదు. రిటైరయ్యేదాకా రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చుకుని బడికి వెళ్ళింది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థని మూసెయ్యడానికి 2016లో కేంద్రం ఒప్పుకుందన్న వార్త పేపర్లో చదివి, "పాపం, మంచి వాచీలు" అని మాత్రం అంది.

ఆలోచిస్తే తేడా అంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. రెండూ టైమే చెప్పేవి. ధర ఎక్కువయ్యేసరికి ఒకటి నగ అయింది, నగ అయ్యేసరికి దాన్ని చేతి నుంచి తీసే అధికారం నలుగురికీ వచ్చింది. మనం కూడా చేసేదదే కదా! మంచి చీర దాస్తాం, వెండి గిన్నె దాస్తాం, వాచీ దాస్తాం. మన తర్వాత పిల్లలకంటాం. వాళ్ళూ దాస్తారు.

కాబట్టి రోజూ కట్టుకోవడానికి పాతదా కొత్తదా అన్న దానికి నాకు తోచిన కొలత ఒకటే. ఏ వాచీని చేతికి పెట్టుకుని నిశ్చింతగా మరచిపోగలమో అది మనది. క్షణక్షణం తడుముకోవాల్సి వచ్చేది నగే, ఎన్ని ముళ్ళున్నా సరే.

మాచర్ల వెళ్ళి బీరువా తీయించాను. "పట్టుకుపో, దాని పెళ్ళికి పనికొస్తుంది" అంది అమ్మ, మా అమ్మాయిని తలుచుకుని. తెచ్చి మా ఊళ్ళో ఒక వృద్ధుడికిచ్చాను. అగ్గిపెట్టె లాంటి కొట్టులో కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటాడాయన. వాచీని వంచి చూసి, "లంగరు తిరగట్లా తల్లీ. నూనె ఎండిపోయింది. కట్టుకుంటూ ఉండాల్సింది" అన్నాడు. నా చిన్నప్పటి ఆటవస్తువు ఆయన లెక్కలో సర్వీసు కబురు చెప్పే గుర్తన్నమాట. యంత్రమంతా విప్పి, కడిగి, నూనె వేసి, రబ్బరు రింగు మార్చడానికి రెండు వారాలు పట్టింది.

బాగయిన వాచీని మళ్ళీ మాచర్ల తీసుకెళ్ళాను.

"నాకెందుకే ఈ వయసులో రాడో? ఎవరన్నా చూస్తే?"

"టైము చూసుకునే మనిషిని ఎవరు చూస్తే ఏమమ్మా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెయ్యి చాపింది. చెయ్యి సన్నబడిపోయింది, గొలుసులో రెండు లంకెలు తీయించాల్సొచ్చింది. ఇంకో మాట చెప్పాలి. శుక్లాల ఆపరేషను చేయించుకుని కొత్త కటకాలు వేయించుకున్నాక ఆవిడ చూపు నా చూపుకంటే బాగుంది. ఆ చిన్న డయలు మీద నిమిషాలతో సహా చదివి చెప్పింది.

మా వారికి కూడా సరేనన్నాను. కొత్తది నా చేతికి వచ్చింది. ఒక షరతు పెట్టాను, దాని పెట్టెని మాత్రం బీరువాలో పెట్టొద్దని. ఆయన దాన్ని స్క్రూలు, మేకులు వేసుకోవడానికి తీసుకున్నారు. వాచీ కట్టుకునే పిండి కలుపుతున్నాను, రాస్తున్నాను, బజారుకి వెళ్తున్నాను. గాజులు ఒక జత తగ్గించుకున్నాను, ఇరుగుపొరుగు తగవు తీరింది.

ఇప్పుడు ఇబ్బంది పడుతున్నది మా తమ్ముడొక్కడే. అమ్మ ఉండేది వాడి దగ్గరే. నిన్న రాత్రి ఫోను చేసి, "మీ తమ్ముడు ఎనిమిదింటికల్లా భోజనానికి వస్తానన్నాడే. ఎనిమిదీ ఇరవై రెండుకి వచ్చాడు" అని చెప్పింది.