నోరు జారినా తీసుకోవచ్చు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. ఎన్నికల చరిత్ర చదివినకొద్దీ ఆ మాట సగమే నిజమనిపిస్తుంది నాకు.

1976 అక్టోబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఎన్నికల ప్రత్యర్థి జిమ్మీ కార్టర్‌తో జరిగిన చర్చలో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ తూర్పు ఐరోపాపై సోవియట్ ఆధిపత్యం లేనే లేదన్నాడు. ప్రశ్న వేసిన పాత్రికేయుడు మాక్స్ ఫ్రాంకెల్ నివ్వెరపోయి మళ్ళీ అడిగాడు. దిద్దుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఎవరిస్తారు? ఫోర్డ్ మాత్రం యుగోస్లావియా, రుమేనియా, పోలండ్ ప్రజలు తాము సోవియట్ల కింద ఉన్నామనుకోవడం లేదని ఇంకా గట్టిగా చెప్పాడు. ఆ ప్రజల మనసు లొంగలేదని చెప్పడమే ఆయన ఉద్దేశం కావచ్చు. కానీ పొరబాటుగా అన్నానని ఒప్పుకోవడానికి రోజులు పట్టింది. నవంబరులో ఓడిపోయాడు. అంతకుముందు అధ్యక్షుడు నిక్సన్‌కు ఇచ్చిన క్షమాభిక్షతో సహా ఆ ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి. అయినా, ఆ పంతం ఆయనకు చేటే చేసిందని నా నమ్మకం.

2018 మార్చిలో, కర్ణాటక శాసనసభ ఎన్నికల ముందు, దావణగెరెలో బీజేపీ నేత అమిత్ షా కాంగ్రెస్ ముఖ్యమంత్రి సిద్దరామయ్య పేరు అనబోయి, అవినీతిలో తమ పార్టీకే చెందిన యడ్యూరప్ప ప్రభుత్వమే మొదటిదన్నారు. పక్కనున్నవారు అందించగానే సరిదిద్దుకున్నారు. వీడియో ఊరంతా తిరిగింది. అయినా ఆ ఎన్నికల్లో 104 సీట్లతో ఆయన పార్టీయే పెద్ద పార్టీ అయింది. అది ఉత్త తడబాటేనని ఓటర్లకు తెలుసు.

తీసుకోలేనిది మరొకటుంది. 2006 ఆగస్టులో వర్జీనియా సెనేటర్ జార్జ్ అలెన్, ప్రత్యర్థి తరఫున తన సభను వీడియో తీస్తున్న భారతీయ మూలాల కుర్రవాణ్ణి వేలెత్తి చూపి ‘మకాకా’ అన్నాడు. అది కోతి జాతి పేరు. ఆపైన, అమెరికాకు స్వాగతమన్నాడు. ఆ కుర్రవాడు పుట్టింది వర్జీనియాలోనే. అలెన్ పుట్టింది కాలిఫోర్నియాలో. అలెన్ తర్వాత క్షమాపణ చెప్పాడు. అయినా ఇరవై లక్షలు దాటిన ఓట్లలో పదివేలకు లోపు తేడాతో ఓడిపోయాడు. నాలుక తడబడితే ఒక పేరు బదులు ఇంకో పేరొస్తుంది. ఎదుటి మనిషిని పరాయివాడనడం మాత్రం నాలుక పని కాదు, లోపలున్నదే బయటికొచ్చింది.

ఈసారి ఎన్నికల్లో ఏ నాయకుడి ముక్క వీడియో మీ ఫోన్‌కు వచ్చినా, పదిమందికి పంపేముందు ప్రసంగం పూర్తిగా వినండి. పేరు తడబడ్డవాణ్ణి వదిలెయ్యండి. మనుషుల్ని చులకన చేసినవాణ్ణి పోలింగు రోజు దాకా గుర్తుపెట్టుకోండి.