ముట్టుకోరాదు

నవంబరు 11, 2024. సోమవారం

మళ్ళీ గ్రంథాలయ వారోత్సవాలు. ఫ్లెక్సీకి చెప్పొచ్చాను. ఆరడుగులు, మూడడుగులు. అతిథుల ఫొటోల్లో ఒకరిది పెద్దది ఒకరిది చిన్నది కాకూడదని రెండుసార్లు ఫోను. నెహ్రూగారిది ఎంత చిన్నదైనా అడిగేవాళ్ళు లేరు.

పోయినేడాది మైకుసెట్టు డబ్బులు నా చేతివే పోయాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు మాకు రావాలి. వసూలవుతూనే ఉంటుంది. మాదాకా ఎందుకు రాదో.

నవంబరు 13

నేనూ స్వీపరమ్మా బీరువాలు దులిపాం. కలరా ఉండలు మార్చాం. అడుగు అరలో చెద. పిల్లల పుస్తకాల బీరువా తాళం ఎంతకీ తిరగలేదు. కొబ్బరినూనె పోసి, కొంగుతో పట్టుకుని తిప్పాను. ఎన్నాళ్ళైంది తీసి?

రిజిస్టరు చూశాను. జులై.

చూడకుండా ఉంటే బాగుండేది.

పాత ఊళ్ళో బదిలీ రోజు లెక్క చూస్తే 41 పుస్తకాలు తక్కువ. జీతంలో కోశారు. ఆ నెల అబ్బాయి ఫీజుకి గాజులు తాకట్టు. అప్పట్నుంచీ తాళంచెవులు నా బ్యాగులోనే. ఇంటికొచ్చినా బ్యాగులోనే. తప్పా?

'పుస్తకాలు వాడుకోవడానికే' అన్న రంగనాథన్‌గారి మొదటి సూత్రానికి పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి నాకు.

నవంబరు 14. గురువారం

ఫ్లెక్సీలో 'గ్రంధాలయ'. ప్రతి ఏడూ ఇదే. మాస్టారు పేపరు మడిచి కళ్ళజోడు సర్దుకుని లేచారు. "చుక్కేదమ్మా?" అన్నారు. స్కెచ్‌పెన్ను అడిగి తీసుకుని, కుర్చీ వేయించుకుని ఎక్కి, 'ధ' కడుపులో చుక్క పెట్టి దిగారు. ఎనభై దాటిన మనిషి. కుర్చీ పట్టుకున్న నాకే కాళ్ళు వణికాయి.

బడి నుంచి పిల్లల్ని వరసగా తీసుకొచ్చారు. 60 మంది. ముఖ్య అతిథికి కాగితం రాసిచ్చాను, 1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన సభ గురించి, ఆ తేదీ వల్లే ఈ వారం అని. కాగితం జేబులో పెట్టుకున్నారు. చాచా నెహ్రూతో మొదలుపెట్టి సిమెంటు రోడ్లతో ముగించారు.

పుస్తక ప్రదర్శన. రెండు బల్లలు, తెల్ల దుప్పటి, మధ్యలో అట్టముక్క. 'ముట్టుకోరాదు'. నా చేతిరాతే. రెండు జడల పిల్ల ఒకతి తమ్ముడికి ఆ మాట కూడబలికి చదివించింది. ము-ట్టు-కో-రా-దు. వాడు చదివేశాడు. ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. వాళ్ళని చూసి వెనకవాళ్ళు. వరస వరసంతా చేతులు వెనక్కి.

ఫొటోల్లో బాగానే పడ్డారు. గ్రూపులో పెట్టాను. మూడు దండాలు, రెండు బొటనవేళ్ళు వచ్చాయి.

నవంబరు 15

శుక్రవారం. మామూలుగా సెలవు. పైగా కార్తీక పౌర్ణమి. ప్రదర్శనకి వచ్చింది ముగ్గురు. ఒకాయన ఫ్యాను కింద కూర్చుని వెళ్ళాడు.

దీపాలు కాలువలో వదిలే వేళకి రేవుకి వెళ్ళలేకపోయాను. ఇంట్లోనే తులసికోట దగ్గర. వత్తులు సగం తడి.

నవంబరు 16

గ్రంథాలయోద్యమ పెద్దల సంస్మరణ. అయ్యంకి వారి ఫొటోకి అద్దం పగిలింది. పగులు కనపడకుండా దండ వేశాను.

మాట్లాడమంటే మాస్టారు మొదట వద్దన్నారు. ఎక్కాక దిగలేదు. 1914 బెజవాడ సభ, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అయ్యంకి వారు, గాడిచర్ల వారు. గ్రూప్-2 కుర్రాళ్ళు గబగబా రాసుకున్నారు. బిట్టు వస్తుందని.

తర్వాత పడవ గురించి చెప్పారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టించారని. ఇది నాకూ తెలుసు. పాఠంలో చదివిందే. తెలియనిది, మాస్టారి నాన్నగారు ఆ పడవ ఎక్కారట. "సగం చదివేసరికి రేవొచ్చేది. మిగతా సగం తిరుగు పడవలో."

"ఈలోగా ఆ పుస్తకం ఇంకొకరు తీసుకుంటే?" అని నేనే అడిగాను.

"మళ్ళీసారి చూసుకునేవాడు."

పడవలో బీరువా ఉండేదా? తాళం ఉండేదా? అడుగుదామనుకున్నాను. అడగలేదు.

నవంబరు 17. ఆదివారం

క్విజ్. జవాబులు ముందే బయటికి పొక్కినట్టున్నాయి. ఎవరు చెప్పారో తెలుసు. రాయను.

నవంబరు 18

చిత్రలేఖనం. 30 బొమ్మల్లో 26 జెండాలు. గొంతు పోయింది. వేణ్ణీళ్ళు.

నవంబరు 19

మహిళా దినం. ముగ్గుల పోటీ. వాకిట్లో 23 మంది. సందు ముగ్గులన్నీ మా గుమ్మం ముందే ఉన్నట్టుంది. ఒకావిడ చుక్కలు పెట్టకుండానే మెలికల ముగ్గు తిప్పేసింది. ముగ్గురు జడ్జీలకీ మాట లేదు.

చేతులు కడుక్కోవడానికి లోపలికొచ్చారు. ఎదురింటి కోడలు, పెళ్ళై ఈ ఊరొచ్చి పదకొండేళ్ళట, గడప దగ్గరే ఆగి అడిగింది:

"ఆడవాళ్ళు కూడా రావచ్చా మేడమ్?"

ఏం చెప్పాను? "అయ్యో, ఎందుకు రాకూడదమ్మా" అన్నాను. నేను ఆడదాన్ని కానా, రోజూ ఇదే గుమ్మంలో కనపడట్లేదా అనిపించింది. నన్ను చూస్తే ఆఫీసు కనపడుతుందేమో.

వాళ్ళు వెళ్ళాక చూశాను. మూల బెంచీ మీద రెండేళ్ళ వారపత్రికలు, తూకానికి వేద్దామని. దించితే వీపు మీద పెయింటు. 'స్త్రీలకు'.

నవంబరు 20. బుధవారం

ముగింపు. బహుమతులు స్టీలు డబ్బాలు. పుస్తకాలిద్దామన్నాను. "పుస్తకాలిస్తే ఎవరొస్తారండీ" అన్నారు. ఆ మాట అబద్ధం కూడా కాదు.

అతిథులు పదిన్నరకి. పదకొండున్నరైంది. ఇంకా బయల్దేరలేదట. లోపల 40 మంది పిల్లలు. ఒకడు ఇంకొకడి జుట్టు పట్టుకున్నాడు. కుర్చీ ఒకటి విరిగింది. వాళ్ళ టీచరు బయట ఫోనులో.

వేరే దారి లేక తీశాను బీరువా. అంతే. పెద్ద ఆలోచనేం చేయలేదు. నూనె పోసింది మేలైంది, ఒక్క తిప్పుకే వచ్చింది. చేతికందింది ఇచ్చాను. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, దేవుడి కథలు. రాసుకోలేదు. 38 వరకూ లెక్క ఉంది.

ఫ్యాను చప్పుడు వినపడింది. రోజూ తిరిగే ఫ్యానే.

రెండు జడల పిల్ల నిలబడే చదువుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. తమ్ముడు బొమ్మ మీద వేలు పెట్టి నా వంక చూశాడు. నేను పేపర్లు సర్దుతున్నట్టు తలొంచుకున్నాను.

పన్నెండుంబావుకి కారు. "పుస్తకాలు ఇచ్చేయండి, వరసలో నిలబడండి." టీచరు అరుపు, నాది కూడా. డబ్బాలు, ఫొటోలు, వందన సమర్పణ.

సాయంత్రం లెక్క పెట్టాను. 36.

మళ్ళీ పెట్టాను. 36.

నవంబరు 21

పోయినవి రెండు. ఒకటి బొమ్మల పంచతంత్రం. రెండోది పక్షుల పుస్తకం. రాత్రి నిద్రలేదు. రెండు పుస్తకాలకేనా? 41 గుర్తొచ్చింది. బడికి ఫోను చేద్దామని నంబరు తీశాను. చేస్తే ఆ పిల్లల్ని ఏం చేస్తారో తెలుసు. పెట్టేశాను.

ఈయనకి చెప్పాను. "నీకెందుకొచ్చింది, తాళం వేసుకోక" అన్నారు.

పొద్దున బీరువా తాళం వేశాను.

నవంబరు 23. శనివారం

సాయంత్రం అయిదింటికి రెండు జడలు. వెనక తమ్ముడు, వాడి వెనక ఒక కుక్క. పక్షుల పుస్తకం. పాత పేపరుతో అట్ట వేసుంది, మూలలు చక్కగా మడిచి. మీద ముత్యాల్లాంటి అక్షరాలు: 'గ్రంథాలయం పుస్తకం'. చుక్కతో సహా.

"సగమే అయింది మేడమ్. ఆ రోజు పిలిచేశారు."

ఏమనాలి? తిట్టాలనే అనుకున్నాను. రిజిస్టరు తీసి పేరు అడిగాను. డిపాజిట్, వాళ్ళ నాన్న సంతకం... ఇవన్నీ ఉన్నాయి. "తర్వాత తెచ్చివ్వు" అన్నాను. ఈ ఉద్యోగంలో మొదటిసారి.

బీరువాలో ఇంకేమున్నాయని అడిగింది. అద్దంలోంచి చూపించబోయాను. మధ్యాహ్నం తుడిచినప్పుడు తీసిన తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే. తాళం వేయడం మర్చిపోయాను. లేక...

పంచతంత్రం గురించి తనకి తెలియదట. తమ్ముడికీ తెలియదట. కుక్కకి తెలుసేమో.

నవంబరు 25

ఎదురింటి కోడలు వచ్చింది. వంటల పుస్తకం అడిగి, రెండు నవలలు తీసుకుంది. బెంచీ మీద కూర్చుంది. మాస్టారు తన కుర్చీ కొంచెం అటు జరుపుకున్నారు.

నవంబరు 27

అట్టముక్క చించి, వెనకవైపు మిక్సీ సర్వీసువాడి నంబరు రాసుకున్నాను.

నవంబరు 30

నెలాఖరు. రిపోర్టు పంపాను. కార్యక్రమాలు 7. ఫొటోలు 52 అడిగారు, 52 పెట్టాను. కొత్త సభ్యులు 9, అందులో ఆడవాళ్ళు 4. పిల్లల పుస్తకాల ఇష్యూలు 17. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆ గడిలో సున్నాలే.

పంచతంత్రం రాలేదు. వెల 60 రూపాయలు. నా పర్సులోంచి కట్టి రసీదు రాసుకున్నాను.